ఊరు ఖాళీ చేసిన చీరాల: పాత పేపర్లు తిరగేస్తే ఏం తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. స్కూల్లో సోషల్ పుస్తకంలో చీరాల–పేరాల ఉద్యమం గురించి ఒక పేరా చదువుకుని ఉంటారు. పన్నులు పెంచారు, జనం ఊరు వదిలి వెళ్లిపోయారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందుండి నడిపించారు. రెండు మార్కుల ప్రశ్న. రాసేసి మర్చిపోయాం. ఈరోజు ఆ పేరానే పట్టుకుని పాత పేపర్లలోకి వెళ్దాం. చిన్న ఊరి చరిత్ర వెతకాలనుకునేవాళ్లకి చీరాల కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముందు కథ క్లుప్తంగా చెప్తాను. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు. అప్పట్లో రెండూ కలిపి సుమారు 15,000 జనాభా. ఎక్కువమంది నేతపని వాళ్లు, చిన్న రైతులు, చెప్పులు కుట్టేవాళ్లు. మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్లని మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను 40,000 దాకా వెళ్లిందని పుస్తకాల్లో తరచుగా కనిపించే లెక్క. పట్టణానికి వసతులు కావాలంటే డబ్బు కావాలి కదా అని ప్రభుత్వం వాదన. మాకు మునిసిపాలిటీయే వద్దు, అంతకుముందున్న చిన్న స్థానిక సంస్థ, ఆ పాత యూనియన్ చాలు అని జనం వాదన. పన్ను కట్టమన్నారు. కట్టనందుకు జైలుకి వెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉన్నారు.

1921 మార్చి ఆఖర్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అది అయ్యాక ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపించారు. ఒకటి, శాంతంగా ఉంటూ పన్ను కట్టకుండా నిలబడటం. రెండోది, మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. ఊరే లేకపోతే మునిసిపాలిటీ ఎవరికి? చీరాల జనం రెండోది ఎంచుకున్నారు. 13,000 మంది దాకా ఇళ్లు వదిలేసి ఊరి బయట పాకలు వేసుకున్నారని చెప్తారు. ఆ పాకల ఊరికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారు తయారు చేసిన రామదండు అనే వాలంటీర్ల దళం కాపలా కాసింది, క్రమశిక్షణ చూసింది. 1921లోనే బరంపురంలో ప్రసంగించిన తర్వాత ఆయన్ని అరెస్టు చేసి ఏడాది జైలుశిక్ష వేశారు. 1922 మొదట్లో జనం తిరిగి ఇళ్లకి చేరారు.

ఇదీ కథ. నాయకుడు, గాంధీ, పన్ను, త్యాగం, అన్నీ ఉన్నాయి. కానీ నన్ను వదలని ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎండాకాలం నడిబొడ్డున 13,000 మందికి నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తాటాకు, వెదుళ్లు ఎవరిచ్చారు? ఎవరి పొలంలో ఉన్నారు? పురుడొస్తే ఎలా, జ్వరమొస్తే ఎలా? అన్నిటికంటే ముందు, మగ్గం సంగతేంటి?

మగ్గం దగ్గర కాసేపు ఆగుదాం. చీరాల తేలియా రుమాళ్లకి పేరున్న ఊరు. నూలుని నూనెలో నానబెట్టి, ఎర్ర రంగు అద్ది నేసే ఆ రుమాళ్లు అరబ్ దేశాలకి, ఆఫ్రికాకి ఎగుమతి అయ్యేవి. నేసేది గుంటమగ్గం మీద. ఆ మగ్గం ఇంట్లో నేలలో పాతుకుని ఉంటుంది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుడు కర్రలు తొక్కాలి. దాన్ని మూటగట్టి ఎత్తుకుపోవడం కుదరదు. కొత్త చోట మళ్లీ గుంట తవ్వాలి, రాటలు పాతాలి, అన్నీ సరిగ్గా సమంగా కుదరాలి. చీరాల సముద్రానికి దగ్గర, ఇసుక నేల. గుంట తవ్వితే అంచు విరిగిపడకుండా కట్టుకోవాలి. పడుగు, అంటే నిలువు నూలు పోగులు, సాగదీసి గంజి పెట్టడానికి పొడవాటి వీధి కావాలి, వాన రాకూడదు, గాలి ఎక్కువ ఉండకూడదు. అంటే నేతకుటుంబం ఇల్లు వదలడం అంటే ఆరోజు కూలి వదులుకోవడం. ఒక్కరోజు కాదు, నెలల తరబడి. రుమాలు కొనే షావుకారు ఏం చేశాడు? నూలు అప్పు ఇచ్చాడా, ఆపేశాడా? పాఠ్యపుస్తకం ఇక్కడికి రాదు. పేపర్లు వస్తాయి.

ఆ రోజుల్లో పేపర్లు ఏవేవి ఉండేవి? ఆంధ్రపత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేశారు. అమృతాంజనం ఆయనదే అని మీకు తెలుసు. బందరు నుంచి కృష్ణాపత్రిక, 1902లో మొదలైంది, 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు గారు నడిపారు. ఈ రెండూ జాతీయోద్యమం వైపు. కాబట్టి చీరాల జనం మీద ప్రేమతో రాస్తాయి. చదువుతుంటే మనకీ ఆవేశం వస్తుంది, జాగ్రత్తగా ఉండాలి.

ఎందుకంటే అవతలి పక్షం కూడా ఉంది. అప్పుడు మద్రాసులో అధికారంలో ఉన్నది జస్టిస్ పార్టీ. స్థానిక పాలన శాఖ పానగల్లు రాజా గారి చేతిలో ఉంది. జస్టిస్ పార్టీకి జస్టిస్ అనే ఇంగ్లీషు దినపత్రిక ఉంది, తెలుగులో ఆంధ్రప్రకాశిక ఉంది. ఒకే సంఘటనని ఆంధ్రపత్రికలో, ఆంధ్రప్రకాశికలో పక్కపక్కన పెట్టి చదవగలిగితే అసలు ఊరు కొంత కనిపిస్తుంది. ఒకరు త్యాగం అన్నదాన్ని ఇంకొకరు బలవంతం అని ఉండొచ్చు. ఊరు వదలని రెండు వేల మంది ఎవరు, ఎందుకు ఉండిపోయారు అన్నది అలాంటి చోటే బయటపడే అవకాశం ఉంది. ఉద్యమాన్ని గౌరవించేవాళ్లం ఈ ప్రశ్న అడగడానికి వెనకాడకూడదని నా గట్టి నమ్మకం.

మూడో ఆధారం చాలామందికి తెలియదు. బ్రిటిష్ ప్రభుత్వం దేశభాషా పత్రికలన్నిటినీ చదివించి, తనకి ముఖ్యం అనిపించినవి ఇంగ్లీషులోకి అనువదించి, వారం వారం రిపోర్టులు తయారు చేయించేది. వాటిని నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్ట్స్ అంటారు. మన పత్రిక అసలు సంచిక చెదలు తినేసినా, దానిలో వచ్చిన వార్త సారాంశం ఈ రిపోర్టుల్లో మిగిలి ఉండొచ్చు. ప్రభుత్వం భయపడిన వార్తలే ఎక్కువ ఉంటాయి కాబట్టి పెళ్లిళ్లు, ధరలు, సంతల కబుర్లు అందులో దొరకవు. ఆ లోటు ఉంటుంది.

ఇక ఇవి దొరికే చోటు. చీరాల పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం అనే లైబ్రరీ ఉంది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి గారు మొదలుపెట్టారు. 1929లో గాంధీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. గత శతాబ్దం మొదటి దశాబ్దాల నాటి తెలుగు పత్రికలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆలోచించండి, ఉద్యమం జరిగిన ఊరికి కూతవేటు దూరంలో, ఉద్యమం నాటికే పనిచేస్తున్న లైబ్రరీ. ఊరివాళ్లు చందాలేసుకుని కాపాడుకున్న లైబ్రరీ. ఇంతకంటే గొప్ప సంపద ఇంకోటి ఉందా? రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా ఇలాంటివే. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలు ఎన్నో స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా కొన్ని దొరుకుతాయి.

స్కాన్ ఉంది కదా, చీరాల అని టైప్ చేస్తే వచ్చేస్తుంది అనుకోకండి. ఎక్కువ భాగం ఉత్త బొమ్మలే. అందులో అక్షరాలు వెతికే వీలుండదు. పాత అచ్చు మసకబారి ఉంటుంది, అరసున్నలు, బండి ఱలు, ఇప్పుడు వాడని ఒత్తులు ఉంటాయి. కంప్యూటర్ చదవలేదు, మనం చదవాలి. ఆ కాలం దినపత్రికల్లో చాలావాటికి మొదటి పేజీ ప్రకటనలే. అసలు వార్త లోపల ఎక్కడో ఉంటుంది. అందుకే నేను చెప్పేదేంటంటే, ముందు తేదీలు రాసుకోండి. చీరాలకైతే 1921 ఏప్రిల్ మొదటి వారం, ఏప్రిల్ ఆఖరు, గోపాలకృష్ణయ్య గారి అరెస్టు, 1922 ఫిబ్రవరి, మార్చి. ఆ వారాల సంచికలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదవండి. కొన్ని పత్రికలు తెలుగు సంవత్సరం పేరు వేసేవి. 1921 ఉగాది నుంచి 1922 ఉగాది దాకా దుర్మతి. రామ్‌నగర్ జీవితం దాదాపు మొత్తం దుర్మతిలోనే గడిచింది.

ఇంకో చిక్కు, వార్త కింద ఉన్న తేదీ. చీరాల విలేఖరి ఉత్తరం రాసి రైల్లో మద్రాసు పంపాలి. బెజవాడ–మద్రాసు లైను 1899 నుంచి ఉంది కాబట్టి పెద్ద ఆలస్యం కాదు, కానీ వార్తలో "నిన్న" అని ఉంటే అది పేపరు తేదీకి నిన్న కాదు, ఉత్తరం రాసినరోజుకి నిన్న. టెలిగ్రాం ద్వారా వస్తే లెక్క మళ్లీ మారుతుంది. ఈ చిన్న విషయం పట్టించుకోక స్థానిక చరిత్ర పుస్తకాల్లో తేదీలు రెండు మూడు రోజులు అటూ ఇటూ అయిపోతుంటాయి. మునిసిపాలిటీ ఎప్పుడు ఏర్పడింది అంటేనే ఒకచోట 1919 అని, ఒకచోట 1920 అని ఉంటుంది. అలాంటప్పుడు పేపరు కూడా చాలదు, ప్రభుత్వ గెజిట్ చూడాలి. అప్పటి మద్రాసు ప్రభుత్వ గెజిట్ పేరు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్.

జిల్లా పేరు కూడా మోసం చేస్తుంది. 1921లో చీరాల గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా. 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లాయే లేదు, ఆ మధ్య వార్తలు కృష్ణా జిల్లా కింద వెతకాలి. 1970 నుంచి ఒంగోలు జిల్లా, 1972లో దాని పేరే ప్రకాశం జిల్లా అయింది. 2022 నుంచి బాపట్ల జిల్లా. మీ ఊరికి కూడా ఇలాంటి జాతకం ఒకటి ఉంటుంది, ముందు అది రాసిపెట్టుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఆధారం గురించి చెప్తాను. చందాల జాబితాలు. బెజవాడ సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి 1921 జూన్ 30 లోపల కోటి రూపాయలు పోగు చేయాలని నిర్ణయించారు. జాతీయ పత్రికలు ఇలాంటి నిధులకి డబ్బిచ్చినవాళ్ల పేర్లు, ఊరు, మొత్తం అచ్చువేసేవి. రూపాయి, అర్ధ రూపాయి, పావలా. చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఆ పేజీ దాటేస్తారు. కానీ ఊరి చరిత్రకి అదే బంగారం. ఏ పేట నుంచి ఎవరిచ్చారు, ఏ కులవృత్తి వాళ్లు ఇచ్చారు, ఆడవాళ్ల పేర్లు ఉన్నాయా, వ్యాపారులు ఎంత ఇచ్చారు, పక్క ఊళ్ల నుంచి ఎంత వచ్చింది. ఇందాక షావుకారు ఏం చేశాడని అడిగాను కదా. ఆ జవాబుకి దగ్గరగా వెళ్లే దారి ఇలాంటి జాబితాలే. ఉపన్యాసంలో అందరూ ఉద్యమం వైపే ఉంటారు. పావలా ఇచ్చినవాడి పేరు మాత్రం ఎవరి మాట మీదా ఆధారపడదు.

తెలంగాణ నుంచి చూస్తున్నవాళ్లకి ఒక మాట. నిజాం కాలంలో మీ ఊరి వార్త తెలుగులో దొరకడం కష్టం, ఎక్కువగా ఉర్దూ పత్రికల్లో ఉంటుంది. ఉర్దూ చదవగలిగిన పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోవాలి. అయినా 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. అదే సంవత్సరం ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లెటూరిలో ప్రెస్సు పెట్టి తెనుగు పత్రిక నడిపారు. ఆ తర్వాత 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక. ఇనుగుర్తి మీద వేరే వీడియో చేయాలని ఉంది, అది ఇందులో ఇరికించేంత చిన్న విషయం కాదు.

మళ్లీ చీరాలకి. ఈ మొత్తం కథలో అందరికీ తెలిసింది వెళ్లడం. తిరిగి రావడం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. ఎందుకో 1922 ఫిబ్రవరి, మార్చి పేపర్లు తలుచుకుంటే అర్థమవుతుంది. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టారు. వారం తిరిగేసరికి బార్డోలీలో గాంధీ ఉద్యమం ఆపేశారు. అదే గుంటూరు జిల్లాలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ అప్పుడే నడుస్తోంది. పల్నాడులో కన్నెగంటి హనుమంతు కాల్పుల్లో చనిపోయింది కూడా ఆ ఫిబ్రవరిలోనే. మార్చి 10న గాంధీ అరెస్టు. ఇన్ని పెద్ద వార్తల మధ్య, నాయకుడు జైల్లో ఉన్న ఒక పాకల ఊరు మెల్లగా ఖాళీ అవుతుంటే ఎవరు పట్టించుకుంటారు? వార్త వచ్చి ఉంటే లోపలి పేజీల్లో, రెండు మూడు లైన్లలో, జిల్లా వార్తల కింద వచ్చి ఉంటుంది.

కాబట్టి నా విన్నపం. చీరాల, వేటపాలెం, బాపట్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లు, మీ తాతల ఇళ్లలో గానీ, ఊరి లైబ్రరీలో గానీ ఆ రెండు నెలల బైండు పుస్తకాలు ఉంటే చూడండి. కాగితం పెళుసుగా ఉంటుంది. పేజీని మూల పట్టుకుని లాగొద్దు, కింద అరచెయ్యి పెట్టి తిప్పండి. జిరాక్సు మెషిన్ మీద బోర్లించి నొక్కొద్దు, వెన్ను విరిగిపోతుంది. కిటికీ వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు, ఫ్లాష్ అక్కర్లేదు. ప్రతి ఫోటోలో పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు పడేలా చూసుకోండి, లేకపోతే తర్వాత ఎవరికీ ఉపయోగపడదు. జిల్లా వార్తలు, చందాల జాబితాలు, మునిసిపల్ నోటీసులు, ఈ మూడూ ముందు తీయండి. ఎవరు ముందు తిరిగొచ్చారు, పన్ను కట్టారా, మగ్గాలు మళ్లీ ఎప్పుడు ఆడాయి, వీటిలో ఒక్కదానికి జవాబు దొరికినా తర్వాతి వీడియో దాని మీదే.