ఎపిసోడ్ 58: హెగెన్‌బర్గర్ రోడ్డులో పనికి మనుషులు ఎందుకు దొరకరు?

వాణి: ఎర్ర లైటు వెలిగింది. సరే, అందరికీ నమస్కారం. పోయిన ఎపిసోడ్‌లో పెసరట్టు గురించి శ్రీను అన్న మాటకి వచ్చిన మెయిళ్ళు ఇవాళ చదవడం లేదు.

శ్రీను: థాంక్స్ అక్కా. తెనాలి ఆయనకి మాత్రం నేను విడిగా జవాబు రాశాను.

వాణి: మంచి పని చేశావు. ఇవాళ్టి టాపిక్ శాక్రమెంటో నుంచి ఒక శ్రోత పంపింది. ఆవిడ ఏమంటారంటే, వాళ్ళ దారిలో ఒక బర్గర్ షాపు ఉంది, ఎప్పుడు వెళ్ళినా డ్రైవ్ త్రూ, అంటే కారు దిగకుండా కొనుక్కునే కిటికీ, ఒక్కటే తెరిచి ఉంటుందట. లోపల కుర్చీలన్నీ టేబుళ్ళ మీద బోర్లించి ఉంటాయి, అద్దం మీద మనుషులు కావాలని కాగితం. చుట్టుపక్కల చూస్తే పని లేనివాళ్ళు ఎంతోమంది. మరి పనివాళ్ళు ఎందుకు దొరకరు అని ప్రశ్న.

శ్రీను: నేను మూడు రాసుకొచ్చాను. జీతం, భయం, రాకపోకలు. జీతం సంగతి తొందరగా చెప్పేస్తాను. దేశం మొత్తానికి కనీస వేతనం 2009 జూలై నుంచి గంటకి 7.25 డాలర్లే. కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్ద ఫాస్ట్ ఫుడ్ చెయిన్లకి 20 డాలర్లు చేశారు. దేశంలో 60, అంతకు మించి షాపులున్న చెయిన్లకి ఆ చట్టం. అంటే ఇక్కడ జీతం సమస్య చాలావరకు తీరినట్టే కదా. అయినా మనుషులు లేరు. అందుకే అసలు కారణం భయం అని నేనంటాను.

వాణి: హెగెన్‌బర్గర్ రోడ్డు గురించేనా?

శ్రీను: అదే. ఓక్లండ్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారి. మనందరం ఎవరినో ఒకరిని దింపడానికి వెళ్ళి అక్కడ ఆగినవాళ్ళమే. ఇన్ ఎన్ అవుట్ అనే బర్గర్ చెయిన్ వాళ్ళు 2024 మార్చిలో అక్కడి షాపు మూసేశారు. 1948 నుంచి నడుస్తున్న కంపెనీ, ఒక షాపు మూసేయడం అదే మొదటిసారి. షాపు బాగా నడుస్తోంది, లాభాల్లోనే ఉంది, కానీ కార్ల అద్దాలు పగలగొట్టడం, దొంగతనాలు, తుపాకీ చూపించి దోచుకోవడం, వీటివల్ల మా మనుషులకి, కస్టమర్లకి రక్షణ లేదు అని కంపెనీయే చెప్పింది. వాళ్ళకి ఫ్రాంచైజీలు లేవు, అంటే షాపులన్నీ కంపెనీ సొంతమే, జీతాలు కూడా మిగతావాళ్ళ కంటే మెరుగు. అదే రోడ్డులో డెన్నీస్ రెస్టారెంట్ కూడా ఆ జనవరిలోనే మూతపడింది.

వాణి: కాదనను. కానీ ఆ షాపులో మనుషులు దొరక్క మూసేశారా? లేదు. ఆ భయంలోనే పనిచేసే మనుషులు చివరి రోజు దాకా ఉన్నారు. నువ్వు దాన్ని మనుషులు దొరకకపోవడానికి సాక్ష్యంగా తెస్తున్నావు.

శ్రీను: అక్కా, మా అన్నయ్య...

వాణి: వచ్చాడు స్టాక్‌టన్ అన్నయ్య.

శ్రీను: రానీ. ఒక పెద్ద చెయిన్ ఫ్రాంచైజీ తీసుకుని నడిపే రెండు శాండ్‌విచ్ షాపులు ఆయనవి. పోయిన నెల ఆయనే కౌంటర్‌లో నిలబడ్డాడు. ఇంటర్వ్యూకి రమ్మంటే సగం మంది రారు, వచ్చినవాళ్ళలో కొందరు రెండో వారానికే ఫోన్ ఎత్తరు. 20 డాలర్లు ఇస్తున్నా ఇదే పరిస్థితి. ఆయన బాధ నాకు తెలుసు.

వాణి: ఆ 20 డాలర్లు వారానికి ఎన్ని గంటలకి?

శ్రీను: ఇరవై, ఇరవై రెండు.

వాణి: కాగితం తీసుకో. 20 డాలర్లు, 20 గంటలు, 52 వారాలు.

శ్రీను: ఇరవై వేల ఎనిమిది వందలు.

వాణి: మెడికాల్, అంటే కాలిఫోర్నియాలో ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఒంటరిగా ఉండే మనిషికి అది దొరకాలంటే 2024లో ఆదాయం హద్దు ఏడాదికి 20,783 డాలర్లు.

శ్రీను: పదిహేడు డాలర్లు తేడా!

వాణి: అంతే. ఒక వారం ఇంకో షిఫ్టు ఎక్కువ చేస్తే లెక్క ఇంకా దాటుతుంది. అది దాటితే కవర్డ్ కాలిఫోర్నియాలో, అంటే రాష్ట్రం నడిపే బీమా మార్కెట్‌లో, సబ్సిడీ బీమా ఉంటుంది, నిజమే, కానీ మళ్ళీ కాగితాలు, మళ్ళీ ప్రీమియం, మళ్ళీ డాక్టర్ మారడం. హౌసింగ్ వోచర్ మీద, అంటే అద్దెకి ప్రభుత్వ సాయం మీద ఉన్నవాళ్ళకి ఆదాయంలో 30 శాతం అద్దె కింద పోతుంది. నూరు డాలర్లు ఎక్కువ సంపాదిస్తే ముప్పై వరకు అక్కడే పోతాయి. ఇక ఈ సాయాలేవీ లేని రెండో రకం మనిషికి ఆ ఇరవై గంటలు చాలవు, నలభై కావాలి. మీ అన్నయ్య ఇవ్వడు.

శ్రీను: ఇవ్వలేడు. పదకొండు నుంచి రెండు దాకా ఒక రష్, సాయంత్రం ఒక రష్. మధ్యలో ముగ్గురిని నిలబెట్టి ఏం చేయిస్తాడు? పైగా వారానికి 30 గంటలు, ఆ పైన చేస్తే ఫుల్ టైమ్ కింద లెక్క. పార్ట్ టైమ్ వాళ్ళ గంటలు కూడా కలిపి లెక్కేస్తే యాభై మంది అయ్యే యజమాని అలాంటివాళ్ళకి హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వాలి.

వాణి: మీ అన్నయ్యకి యాభై మంది ఉన్నారా?

శ్రీను: లేరు. కానీ షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్, ట్రైనింగ్ అన్నీ కంపెనీ నుంచే వస్తాయి. అందరూ అలాగే వేస్తారు.

వాణి: అక్కడే నాకు మండుతుంది. ఎమ్మెస్‌లో క్యాంపస్ ఫుడ్ కోర్టులో నేను క్లోజింగ్ చేసేదాన్ని, నీకు తెలుసు. గ్రిల్ గీకి, ఫ్రయర్ నూనె వడకట్టి, నేల కడిగి బయటపడేసరికి రాత్రి ఒంటిగంట. మర్నాడు ఆరింటికి ఓపెనింగ్ కూడా నాకే వేసేవాడు ఒక సూపర్‌వైజర్. షెడ్యూల్ ఆదివారం రాత్రి అంటించేవాడు, సోమవారం పొద్దున మొదలు. నాకు పిల్లల్లేరు, హాస్టల్ పక్కనే, సరిపోయింది. తూర్పు ఓక్లండ్‌లో ఇద్దరు పిల్లల తల్లికి అదే షెడ్యూల్ ఇస్తే ఆవిడ పిల్లల్ని ఎవరి దగ్గర పెడుతుంది? రెండో ఉద్యోగం ఎలా చేస్తుంది? ఫోన్ ఎత్తలేదంటే బద్ధకం అని రాసేసుకుంటాం. ఎక్కడో గంటలు ఎక్కువ దొరికి ఉంటాయి, వెళ్ళిపోయి ఉంటుంది.

శ్రీను: అందరూ అలాంటివాళ్ళే అంటావా?

వాణి: 1990ల్లో న్యూయార్క్‌లోని హార్లెం అనే పేటలో కాథరీన్ న్యూమన్ అనే ఆవిడ ఇదే పరిశోధన చేశారు. అప్పుడు ఒక్కో ఫాస్ట్ ఫుడ్ ఉద్యోగానికి 14 మంది పోటీపడ్డారు. పేదవాళ్ళు పని చేయరు అనే మాటకి నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు. ఇంకో సంగతి, మేనేజర్లు ఆ పేట పిల్లల కంటే దూరం నుంచి వచ్చేవాళ్ళకే మొగ్గు చూపేవారని కూడా ఆవిడ రాశారు. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఎలా వస్తారు శ్రీనూ?

శ్రీను: వచ్చేసింది బస్సు.

వాణి: వచ్చింది! ఎందుకు రాకూడదు? బార్ట్, అంటే ఓక్లండ్ చుట్టుపక్కల తిరిగే లోకల్ ట్రెయిన్, మామూలు రోజుల్లో పొద్దున అయిదింటికి మొదలు, శనివారం ఆరింటికి, ఆదివారం ఎనిమిదింటికి. రాత్రి పన్నెండు ప్రాంతంలో ఆగిపోతుంది. బ్రేక్‌ఫాస్ట్ అమ్మే షాపులో ఆదివారం ఓపెనింగ్ షిఫ్టు ఎన్నింటికి? ట్రెయిన్ ఇంకా నిద్రలోనే ఉంటుంది. క్లోజింగ్ చేసినవాళ్ళకి అప్పటికే ట్రెయిన్ పోయింది. రాత్రంతా తిరిగే ఆల్ నైటర్ బస్సులు కొన్ని రూట్లలోనే ఉన్నాయి. నువ్వు భయం అన్నావే, ఆ భయం షాపులో ఎంతో, రాత్రి ఒంటిగంటకి బస్టాపులో ఒంటరిగా నిలబడితే అంతకు రెట్టింపు. నీ మూడు కారణాలూ ఒక్కటే.

శ్రీను: డెట్రాయిట్ ఎపిసోడ్‌లో కూడా ఇదే చెప్పావు.

వాణి: 2015లో అక్కడ ఒకాయన కారు లేక, బస్సు అన్నిచోట్లకీ పోక, ఫ్యాక్టరీ పనికి రోజుకి 21 మైళ్ళు నడిచాడని పేపర్లో వచ్చింది. మళ్ళీ చెబుతాను, పదిసార్లు చెబుతాను. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి. దాన్ని తిట్టేవాళ్ళు ఒక్కసారి ఇళ్ళలో పనిచేసే ఆవిడని అడగమనండి, ఛార్జీ లేకపోతే ఎంత దూరం పనికి పోగలదో.

శ్రీను: సరే అక్కా. కానీ భయాన్ని బస్సులో కలిపేయకు. నేను ఆ విషయం ఊరికే తేలేదు.

వాణి: చెప్పు.

శ్రీను: 2018లో కాన్సస్ సిటీలో వరంగల్ అబ్బాయి ఒకడు చదువుకుంటూ ఒక చిన్న రెస్టారెంట్‌లో పనిచేసేవాడు. దోచుకోవడానికి వచ్చినవాడు కాల్చాడు. అక్కడే కుప్పకూలాడు. 2024 నవంబర్‌లో షికాగో దగ్గర గ్యాస్ స్టేషన్‌లో ఖమ్మం అబ్బాయి. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒక్కరం కూడా నిద్రపోలేదు. ఆ షిఫ్టులు ఖాళీగా ఎందుకుంటాయి? ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఆ కౌంటర్ ఎలాంటిదో తెలుసు కాబట్టి. తెలియనివాడో, అవసరం మెడ మీదున్నవాడో వెళ్ళి నిలబడతాడు. కొన్నిసార్లు ఆ నిలబడేవాడు మనవాడు.

వాణి: ...అవును.

శ్రీను: ఆ అమ్మానాన్నలకి గంటకి ఎన్ని డాలర్లు అని చెబుతాం?

వాణి: ఏం చెప్పలేం. నేను నీతో ఒప్పుకుంటున్నాను. రాత్రి షిఫ్టులో ఒక్క మనిషినే ఉంచడం నేరం అని చట్టం చేయాలి. ఇద్దరుండాలి, లేదంటే షాపు మూసేయాలి.

శ్రీను: మళ్ళీ ఆ ఖర్చు మా అన్నయ్య మీదే పడుతుంది.

వాణి: అక్కడే నీతో పేచీ. కంపెనీ వాటా ఏ లెక్కన తీసుకుంటుంది?

శ్రీను: అమ్మకం మీద. లాభం మీద కాదు.

వాణి: అంటే జీతాలు పెరిగినా, సెక్యూరిటీ పెట్టినా, అద్దం పగిలినా కంపెనీకి రావలసింది తగ్గదు. మెక్‌డొనాల్డ్స్ అయితే 2024 నుంచి అమెరికాలో కొత్త షాపులకి రాయల్టీ, అంటే ఆ వాటా, 4 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. మీ అన్నయ్య కోపం ఫోన్ ఎత్తని ఆ పిల్ల మీద కాదు, పైకి చూపించాలి.

శ్రీను: పైకి చూపిస్తే అగ్రిమెంట్ రెన్యూ చేయరు అక్కా. ఆయన ఇంటి మీద లోన్ తెచ్చి పెట్టాడు. మాట్లాడటం తేలిక.

వాణి: తేలిక కాదు, నాకు తెలుసు. కానీ షెడ్యూల్ ఆయన చేతిలో ఉంది కదా. ఓక్లండ్ పక్కనే ఎమరీవిల్‌లో 2017 నుంచి చట్టం ఉంది, పెద్ద చెయిన్లు షెడ్యూల్ రెండు వారాల ముందే ఇవ్వాలి. న్యూయార్క్‌లో అయితే రాత్రి మూసినవాళ్ళని 11 గంటల లోపు మళ్ళీ తెరవడానికి పిలిస్తే నూరు డాలర్లు అదనంగా ఇవ్వాలి. చట్టం లేకపోయినా మీ అన్నయ్య రేపటి నుంచే చేయొచ్చు. ముగ్గురికి ఇరవై గంటలు ఇచ్చే బదులు ఇద్దరికి ముప్పై ఇచ్చి, ఆ షెడ్యూల్ నెలకోసారి వేసి చూడమను.

శ్రీను: ఒకరు మానేస్తే సగం షాపు పోతుంది.

వాణి: ఇప్పుడు పోవడం లేదా? ఆయనే కౌంటర్‌లో ఉన్నాడన్నావు.

శ్రీను: అడుగుతాను. కానీ నువ్వు కూడా ఆయనతో ఒకసారి మాట్లాడు, నన్ను మధ్యలో పెట్టకు.

వాణి: పిలువు, ప్రోగ్రాంకే పిలువు. స్టాక్‌టన్ నుంచి ఇక్కడికి బస్సు...

శ్రీను: ఆయన కారులోనే వస్తాడు అక్కా. అయ్యో, టైమ్ చూడు, పాపని క్లాసు నుంచి తీసుకురావాలి. శాక్రమెంటో ఆవిడకి జవాబు చెప్పామా?

వాణి: సగం చెప్పాం. మిగతా సగం మీ అన్నయ్య వచ్చాక. నువ్వు బయల్దేరు, ఇది నేను ఆపేస్తాను.