డిపోలన్నిటికీ ఒకే టార్గెట్ పెడితే ఎట్ల?

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడేది పనితీరు లెక్కల గురించి, అంటే ఒక సంస్థకి నాలుగు ఊర్లలో బ్రాంచీలో డిపోలో ఉంటే ఏది ఎట్ల పనిచేస్తాందో చూసే పద్ధతి ఎట్ల పెట్టుకోవాల అనేది. ఇదంతా ఆఫీసర్ల గోల, మనకెందుకులే అనుకోవద్దండి, మీ పల్లెకి సాయంత్రం బస్సు వస్తాదా రాదా అనేది కూడా ఈ లెక్కల మీద ఆధారపడి ఉంటాది.

బస్సు మాట వచ్చింది కాబట్టి ఆర్టీసీనే తీసుకుందాం. డిపోలో మేనేజర్ కాడ్నుంచి కండక్టర్ దాకా అందరి నోట్లో నానే మాటలు మూడు. ఈపీకే, బస్సు కిలోమీటరు తిరిగితే ఎంత రాబడి అని. కేఎంపీఎల్, లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు వచ్చింది అని. ఓఆర్, సీట్లు ఏమాత్రం నిండినాయి అని. మూడూ మంచి లెక్కలే, కాదనేదానికి లేదు. కానీ చూడండి, కడప నుంచి రాయచోటికి పోయే బస్సు గువ్వలచెరువు ఘాటు ఎక్కి పోవాల, ప్రొద్దుటూరికి పోయే బస్సుకి ఆ బాధ లేదు. ఈ రెండిటికీ ఒకే కేఎంపీఎల్ టార్గెట్ పెట్టి ఎక్కువ తెచ్చినాయనకి సర్టిఫికెట్, తక్కువ తెచ్చినాయనకి మెమో ఇస్తే ఆ ఘాటు డ్రైవర్ ఏం చేయాలప్పా? ఆర్టీసీలో ఇట్లనే చేస్తాండారు అని నేను అనడంలేదు, ఏ సంస్థైనా ఇట్ల చేస్తే అన్యాయం అంటాండా. ముందు ఒకే రకం పని, ఒకే రకం దారి ఉండే యూనిట్లని ఒక గుంపు చేసుకోవాల, పోల్చేది ఆ గుంపు లోపలే పోల్చాల.

ఇంకో పద్ధతి కూడా ఉంది, నాకు శానా నచ్చింది అదే. 2018 జనవరిలో కేంద్రం వెనకబడిన జిల్లాల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, ఆకాంక్షిత జిల్లాలు అంటారు, మన రాష్ట్రం నుంచి అప్పట్లో విశాఖ, విజయనగరంతో పాటు మన కడపని కూడా తీసుకున్న్యారు. దేశం మొత్తం మీద 112 జిల్లాలు, 49 సూచికలు. ఆరోగ్యం పోషణకి 30 శాతం, చదువుకి 30, సేద్యం నీళ్లకి 20, మిగతా 20 బ్యాంకు సేవలు, నైపుణ్యాలు, రోడ్లు కరెంటు లాంటి వాటికి. ఏదానికి ఎంత వెయిటేజీ అనేది ముందే తేల్చి అందరికీ చెప్పేసినారు. అసలు సంగతి ర్యాంకు ఇచ్చే తీరులో ఉంది. డెల్టా ర్యాంకు అంటారు, నువ్వు యాడున్న్యావు అని కాకుండా యాడ మొదలుపెట్టి ఎంత ముందుకొచ్చినావు అని చూస్తారు. అడుగున ఉన్న జిల్లా కూడా ఒక నెలలో ఫస్ట్ రావచ్చు.

ఒక్క లెక్కనే పట్టుకుని వేలాడితే ఇంకో ముప్పు ఉంది. ఈపీకే ఒక్కటే పెంచమంటే సులువైన దారి ఏందంటే రాబడి తక్కువున్న పల్లెవెలుగు ట్రిప్పు ఎత్తేయడమే, కాగితం మీద డిపో బాగుపడతాది, ఊర్లో ఆడపిల్లలు కాలేజీకి పోయేది ఆగిపోతాది. అందుకని రాబడి లెక్క పక్కనే, ఎన్ని ఊర్లకి బస్సు పోతాంది, చెప్పిన టైంకి పోతాందా, ఎన్ని ట్రిప్పులు క్యాన్సిల్ అయినాయి అనేది కూడా ఉండాల.

మన పిల్లోళ్లు బెంగళూరు కంపెనీలలో పడే బాధ కూడా చెప్పాల. టీమ్‌లో అందరూ బాగా చేసినా ఎవరో ఒకరిని అడుగున పెట్టాల్సిందే అనే పద్ధతి, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే 2013 నవంబర్‌లో దాన్ని వదిలేసింది, మనం ఇప్పుడు కొత్తగా దాన్ని తెచ్చి పెట్టుకోవాల్సిన పని లేదు.

ఇంక మార్కులు వేసినంక దాచిపెట్టడం. సర్కారు ఉద్యోగాల్లో రహస్య నివేదిక అని ఉండేది, ఉద్యోగి ఏడాదంతా ఎట్ల పనిచేసినాడో పైఅధికారి రాసే రిపోర్టు అది, చెడ్డగా రాస్తేనే ఉద్యోగికి చెప్పేవాళ్లు. సరిహద్దు రోడ్ల శాఖ ఇంజినీరు దేవ్ దత్‌కి ‘గుడ్’ అని రాసినారు, ప్రమోషన్‌కేమో ‘వెరీ గుడ్’ కావాల, ఆయనకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ప్రమోషన్ పోయింది. 2008లో సుప్రీంకోర్టు ఏం రాసినా ఉద్యోగికి చెప్పాల్సిందే అనింది, 2009లో కేంద్రం పూర్తి రిపోర్టు చూపించాలని ఉత్తర్వు ఇచ్చింది. మనిషికి ఉన్న ఈ హక్కు యూనిట్‌కి కూడా ఉండాల, లెక్క తప్పు అనిపిస్తే జవాబు రాసుకునేదానికి రొంత గడువు ఇయ్యాల.

మీ పాల సొసైటీలోనో సమాఖ్యలోనో ఇది మొదలుపెట్టాలనుకుంటే మొదటి సంవత్సరం బహుమతి వద్దు, మెమో వద్దు, లెక్కలు నిజంగా రాయడం అలవాటు కానీండి, భయపడినోళ్లు రాసే అంకెలు ఎందుకూ పనికిరావు. రెండో ఏడు నుంచి వెనకబడిన యూనిట్‌కి కాగితం పంపే ముందు ఒక మనిషిని పంపండి, ఆయప్ప ఆడ ఒక పూట కూర్చుని సామాను ఉందా, సిబ్బంది సరిపోతాండారా చూసి రిపోర్టు రాయాల, దాని కింద ఆ యూనిట్ వాళ్ల సంతకం కూడా పెట్టించుకోవాల.