పోయేవాళ్ల దగ్గర కూర్చోడానికి ట్రైనింగా?

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఆమదాలవలసలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర మా పెదమావగారు "ఇప్పుడేం చేస్తన్నావమ్మా?" అని అడిగారు. ఇరవై రెండేళ్లు నర్సుగా చేశాను కదా, ఇప్పుడు ఎక్కువ రోజులు నర్సులకీ, ఏఎన్‌ఎంలకీ, ఆశాలకీ పాలియేటివ్ కేర్ నేర్పుతున్నానని చెప్పాను. అంటే ఏటన్నారు. నయంకాని జబ్బుతో మంచం పట్టినవాళ్లకి నొప్పి, ఆయాసం, వాంతులు, దిగులు తగ్గించి చివరిదాకా తోడుండడం అన్నాను. ఆయన పప్పన్నం కలుపుకుంటూ, "పోయేవాళ్ల దగ్గర కూకోడానికి కూడా ట్రైనింగేటమ్మా? మా అమ్మని మా అప్ప సూసుకోలేదా?" అన్నారు.

ఆయన మాటలో సగం నిజముంది. వాళ్ల అప్పని, అంటే అక్కని, నేనెరుగుదును. తల్లి ఎనిమిది నెలలు మంచంలో ఉంటే వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు. ఆవిడ ఏ కోర్సూ చదవలేదు. ఈలోగా సాంబారు బకెట్టు వచ్చేసింది, జవాబు చెప్పే వీలు దొరకలేదు. ఆ మిగతా సగం జవాబు ఇప్పుడు చెప్తాను. మావగారు రేడియో వింటారు.

నేను చేసిన ఒక తప్పు దగ్గర మొదలుపెట్టాలి. ఉద్యోగంలో చేరిన కొత్త. నేను పనిచేసే ఆసుపత్రికి సముద్రం పక్క ఊరి నుంచి ఒక మామ్మని తీసుకొచ్చారు. అంగిట్లో కేన్సర్. మన శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఎందరో ఉండేవారు, ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నారు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పొగ పీలుస్తారు. గాలికి నిప్పారదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. ఆ వేడి, ఆ పొగ తిన్నగా అంగిటికి తగులుతాయి. ఈ అలవాటు గురించీ, దానివల్ల అంగిట్లో వచ్చే మచ్చలూ పుండ్ల గురించీ డాక్టర్లు ఎప్పటినుంచో రాస్తూనే ఉన్నారు. ఆ మామ్మకి అప్పటికే ముదిరిపోయింది. డాక్టరుగారు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు.

డిశ్చార్జి రోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నా కొడుకు వెరావల్‌లో బోటు మీదున్నాడు తల్లీ. కబురెట్టమంటావా, అక్కర్లేదా?" అని అడిగింది. మన మత్స్యకారులు చాలామంది గుజరాత్ వెళ్లి నెలల తరబడి వేటలో ఉంటారని మీకు తెలుసు. నేను నవ్వుతూ, "ఎందుకు మామ్మా, నీకు తగ్గిపోతుంది, ధైర్యంగా ఉండు" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. ఆవిడ అడిగింది తగ్గుతుందా తగ్గదా అని కాదు. ఎన్నాళ్లుందో అడిగింది, కొడుకుని చూసుకునే టైముందా అని అడిగింది. మూడు వారాలకి పోయింది. కొడుకు వచ్చేసరికి అంతా అయిపోయింది.

నాకు చెడ్డ మనసు లేదు. చదువు ఉంది, సూది గుచ్చడం వచ్చు, సెలైన్ ఎక్కించడం వచ్చు. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఆ తరవాత చాలా ఏళ్లకి కేరళ వెళ్లి ఆరు వారాల కోర్సు చేశాను. కాలికట్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. అక్కడినుంచే ఈ పని ఊళ్లలోకి, ఇళ్లలోకి వెళ్లింది. మన దేశంలో మొదటి హాస్పిస్, అంటే చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు, మాత్రం అంతకుముందే, 1986లో ముంబైలో వచ్చింది, శాంతి ఆవేదన సదన్ అని.

కోర్సు మొదటి వారంలోనే మా చేత నాటకం వేయించారు. ఒకరు రోగి, ఒకరు నర్సు. రోగి అడగాలి, "నేను బతుకుతానా?" అని. నర్సు జవాబివ్వాలి. నా వంతు వచ్చింది. నేను అలవాటుగా "తగ్గిపోతుంది" అనేశాను. మాస్టారు ఆపి, "ఆయన ఎందుకడిగాడో నీకు తెలుసా?" అన్నారు. తెలీదన్నాను. "అయితే ముందు అదే అడుగు" అన్నారు. అంతే పాఠం. మీకిప్పటిదాకా ఏం చెప్పారు, మీకేమనిపిస్తోంది, ఎంతవరకు తెలుసుకోవాలనుంది, ఈ మూడూ అడిగి ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం. పది సెకన్లు మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో ఈ రాత్రి ఇంట్లో ఎవరి ఎదురుగానైనా కూర్చుని చూడండి.

ఈ చదువుకి పునాది వేసినావిడ సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లండు ఆవిడ. ముందు నర్సు, తరవాత సోషల్ వర్కరు, ఆ తరవాత డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి ఒంట్లోనే ఉండదు, మనసులో, సంసారంలో, దేవుడితో ఉన్న పేచీలో కూడా ఉంటుంది, అన్నీ కలిపితేనే ఆ మనిషి నొప్పి అని చెప్పింది. పుస్తకంలో చదివినప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. పాతపట్నం దగ్గర ఒక రైతుకి ప్రతి సోమవారం నడుము నొప్పి ఎక్కువయ్యేది. ఎన్నిసార్లు మందు మార్చినా సోమవారం సోమవారమే. ఒకరోజు నేను అక్కడుండగానే ఫైనాన్సువాళ్ల బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. అప్పుడర్థమైంది. ఆ నొప్పికి మాత్ర ఏం చేస్తుంది? అన్నదమ్ములని కూచోబెట్టి అప్పు సంగతి తేల్చాకగానీ ఆయనకి సోమవారం నిద్ర పట్టలేదు.

ఇక ఒంటి నొప్పి. పుస్తకాల్లో సున్నా నుంచి పదిలో ఎంత అని అడగమని ఉంటుంది. మన పల్లెలో అలా అడిగితే ముఖం చూస్తారు. "రూపాయిలో ఎంత నొప్పి?" అంటే ఠక్కున చెప్తారు. ముప్పావలా అంటారు. మందు వేసిన గంటకి మళ్లీ అడిగితే, "పావలాకి దిగిందమ్మా" అంటారు. ఇది నాకు ఒక ఆశా నేర్పింది. నా క్లాసుకొచ్చి నాకే నేర్పింది.

నొప్పికి మన భాషలో ఎన్ని పేర్లో చూడండి. పోటు, సలుపు, మంట, పీకుడు, గుంజుడు, తిమ్మిరి, జివ్వుమనడం. క్లాసులో ఈ మాటలన్నీ బోర్డు మీద రాయిస్తాను. ఎందుకంటే మందు మాటని బట్టి మారుతుంది. కారం రాసినట్టు మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం అన్నారంటే నరం నొప్పి కావచ్చు, దానికి మామూలు నొప్పి మాత్ర ఒక్కటే సరిపోదు, వేరే మందు కలపాలి. కడుపులో మెలిపెట్టినట్టుంది అంటే అది ఇంకొకటి. ఇంగ్లీషులో నేర్చుకున్న డాక్టరుగారికి సిస్టరు ఈ మాటని ఉన్నదున్నట్టు అందించాలి. "పేషెంటుకి పెయిన్ ఉంది సార్" అంటే సగం వైద్యం అక్కడే పోయింది.

గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాటెత్తితే ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. మత్తుమందు, అలవాటైపోతుంది, అది ఇస్తే మనిషి తొందరగా పోతాడు అంటారు. వైద్యుడి పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదులో ఇస్తే ఈ భయాలకి ఆధారం లేదు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలే పనిచేస్తుంది. అందుకే నొప్పి వచ్చాక కాకుండా, గడియారం చూసి వేయాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం మందు కూడా ఇవ్వాలి. ఈ చిన్న సంగతి మరిచిపోవడం వల్ల ఎందరో మంచి మందుని మధ్యలో మానేశారు. మార్ఫిన్ తయారయ్యే నల్లమందుని చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా 1985లో వచ్చిన మత్తుమందుల చట్టంలోని లైసెన్సుల చిక్కు వల్ల రోగులకి మార్ఫిన్ దొరకడం గగనమైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. చట్టం మారినంత తొందరగా భయం మారదు. మార్ఫిన్ సీసా అంటే బీరువా తాళం వెతికే ఫార్మసిస్టులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకీ క్లాసు పెట్టాలి.

ఒకసారి నేర్చుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. ఉద్దానమే దీనికి ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, డయాలసిస్ దగ్గరికొచ్చింది. కానీ వారానికి రెండుమూడు సార్లు డయాలసిస్‌కి తిరిగే మనిషికీ, ఇక తిరగలేనన్న మనిషికీ కూడా మా అవసరం ఉంది. కేన్సర్ దగ్గర నేర్చుకున్నదంతా అక్కడ అలాగే చేస్తే ప్రమాదం. పనిచేయని కిడ్నీ మార్ఫిన్ తాలూకు మిగుళ్లని బయటికి పంపలేదు. మనిషి మత్తులో పడతాడు, చేతులు ఉలిక్కిపడతాయి, ఊపిరి నెమ్మదిస్తుంది. అందుకే డాక్టర్లు మోతాదు బాగా తగ్గిస్తారు, లేదంటే ఫెంటనిల్ లాంటి వేరే మందు వాడతారు. ఇక ఊళ్లో ఒళ్లునొప్పులకని పొడిపించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, మిగిలిన కాస్త కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది. అక్కడ నొప్పితో పాటు బాగా వేధించేది దురద. రాత్రంతా గోకి గోకి రక్తాలు వస్తాయి. ఎలర్జీ అనుకుని మాత్రలు మింగుతుంటారు. అది కిడ్నీ దురద అని గుర్తుపట్టే నర్సమ్మాయి ఒకతె ఊరి క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా ఉంటే ఆ ఇంటికి నిద్ర వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ కావాలి. అందుతున్నది 100లో 14 మందికే. మన దగ్గర 2012లో జాతీయ కార్యక్రమం వచ్చింది, ఇప్పుడు ఊరి హెల్త్ సెంటర్లు ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో ఇదీ ఉంది. నేర్చుకోవాలనుకునే నర్సులకి దారులున్నాయి. కేరళలో ఆరు వారాల కోర్సులున్నాయి, ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ సర్టిఫికెట్ కోర్సులు నడుపుతోంది, హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికి కాకుండా, అక్కడి సిస్టర్లతో ఇళ్లకి తిరగడానికి వెళ్లండి. నాలుగు గోడల క్లాసులో వాసన రాదు.

వాసన అన్నాను కాబట్టి చెప్తాను. కేన్సర్ పుండు నుంచి వచ్చే వాసనకి కట్టుకున్న భర్త కూడా వసారాలో పడుకుంటాడు, మనవలు దగ్గరికి రారు. ఆ మనిషిని జబ్బు కంటే ముందు ఆ దూరం చంపేస్తుంది. పుండుని ఉప్పునీళ్లతో కడిగి, డాక్టరు చెప్తే మెట్రోనిడజోల్ మాత్రని మెత్తగా నూరి ఆ పొడి చల్లితే నాలుగైదు రోజుల్లో వాసన చాలామటుకు తగ్గుతుంది. ఖర్చు చాలా తక్కువ. ఒక ఇంట్లో వారం తరవాత వెళ్లేసరికి మనవరాలు నానమ్మ మంచం మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. ఆ ఇంట్లో నాకు టీ ఇచ్చారు, పంచదార రెండింతలు పోసి. తాగాను.

మరి మా సంగతి? పరిచయమైన వాళ్లంతా పోతుంటే ఇంటికొచ్చి అన్నం తినాలి కదా. మొదట్లో నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. మా ఆయన మీద, పిల్లల మీద విసుక్కునేదాన్ని. ఒక ఏఎన్‌ఎం అమ్మాయి తన వయసు పేషెంటు పోయాక, ఆ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి డ్యూటీకి వెళ్లేది. దాన్ని బలహీనత అని మేం అనం. నెలకోసారి అందరం కూర్చుని ఆ నెలలో పోయినవాళ్ల పేర్లు చెప్పుకుంటాం. ఎవరికేం గుర్తొస్తే అది చెప్తారు. ఒకరు పాడిన పాటా, ఒకరు తిట్టిన తిట్టూ. ఏడిస్తే ఏడుస్తాం, ఎక్కువసార్లు నవ్వుతాం. ఆ అమ్మాయి మూడో నెలకి నోరు విప్పింది. ఇది కూడా ట్రైనింగులో భాగమేనని పై అధికారులకి చెప్పడానికి మాత్రం నాకింకా మాటలు దొరకడం లేదు. వాళ్లు ఎజెండా అడుగుతారు.

మావగారూ, మీ అప్పగారిని ఈ శనివారం మా క్లాసుకి పిలిచాను. విద్యార్థిగా కాదు, టీచరుగా. ఆసుపత్రి మంచం మీద మనిషిని పక్కకి తిప్పడం మా అందరికీ వచ్చు. కానీ మన ఇళ్లలో ఉండేది నులకమంచం, అది నడిమధ్య జారిపోయి ఉయ్యాల్లా ఉంటుంది, అందులోంచి మనిషిని తిప్పుతుంటే మన నడుము పడిపోతుంది. ఎనిమిది నెలలు ఆవిడ ఒక్కతే ఎలా తిప్పిందో, దుప్పటి ఎలా మడతపెట్టి లాగిందో చేసి చూపిస్తానంది. మంచం మా ఇంటి నుంచే తీసుకెళ్లాలి. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి మంచం ఎక్కించుకునే ఆటో దొరికితే తొమ్మిదింటికల్లా మొదలుపెడతాం.

నమస్కారం.