క్యాంపస్ ఏఐ సేఫే అంటున్నారు, ఎవరి నుంచి సేఫ్?

నమస్తే అండీ. తిరుపతి నుంచి ఇంకో రివ్యూ. ఈసారి ఫోన్ కాదు, ఇయర్‌బడ్స్ కాదు. యూనివర్సిటీలు సొంతంగా ఇస్తున్న ఏఐ చాట్. మా ఊరికి యూనివర్సిటీల కొదవ లేదు కదా. 1954లో పెట్టిన ఎస్వీయూ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ, సంస్కృతం, ఏర్పేడు వైపు పోతే ఐఐటీ, ఐసర్. రేపు వీటిలో ఏదో ఒకటి ‘మా సొంత ఏఐ, పూర్తిగా సురక్షితం’ అని నోటీసు పెడితే నమ్మాలా వద్దా? అదే ఈ వీడియో.

బయట ఎట్లా నడుస్తుందో త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ 2023 ఆగస్టులోనే యూ-ఎం జీపీటీ అని మొదలుపెట్టింది. క్యాంపస్ లాగిన్ ఉంటేనే తెరుచుకుంటుంది. మీరు టైప్ చేసినదాంతో మోడల్‌కు ట్రైనింగ్ ఇవ్వరు, అదీ దాని ప్రత్యేకత. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2025లో ఏకంగా చాట్‌జీపీటీ ఎడ్యు, అంటే యూనివర్సిటీల కోసం చేసిన చాట్‌జీపీటీ, తీసుకున్నారు, నాలుగున్నర లక్షలకు పైగా స్టూడెంట్ల కోసం. శాన్ డియాగోలో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీది ఇంకో దారి. ట్రైటన్‌జీపీటీ అని పేరు పెట్టి, తమ సూపర్‌కంప్యూటర్ సెంటర్‌లోనే ఓపెన్ మోడల్, అంటే ఎవరైనా డౌన్‌లోడ్ చేసి సొంత మెషీన్‌లో నడుపుకోగలిగే ఏఐ, నడిపారు.

మొదటి రెండూ డబ్బుల వ్యవహారం. మూడోది మనం ఇంట్లో కూర్చుని చేసి చూడొచ్చు. చేశాను. ఇదిగో, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న మామూలు డెస్క్‌టాప్. దీంట్లో మోడల్‌ను నడిపే ఒల్లామా, పైన చాట్ పేజీ చూపించే ఓపెన్ వెబ్‌యూఐ, లోపల గూగుల్ వాళ్ల ఓపెన్ మోడల్ జెమ్మా 3, 12 బిలియన్ పారామీటర్ల సైజు. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. ఇప్పుడు చూడండి, ఇంటర్నెట్ కేబుల్ పీకేస్తున్నాను. ప్రశ్న అడుగుతున్నాను. జవాబు వస్తోంది, కొంచెం నిదానంగానే, కానీ వస్తోంది. అంటే టైప్ చేసింది ఈ గది దాటి పోలేదు. ‘సురక్షితం’ అనే మాటకు ఇంతకంటే గట్టి రుజువు నాకు తెలియదు.

సరే, పని చేస్తుందా? చిత్తూరు జిల్లా మామిడి రైతుల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లు ఉంటారనుకోండి. వాళ్ల ఇంటర్వ్యూల్లో రైతు పేరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు, ఎవరి దగ్గర ఎంత అప్పు, అన్నీ ఉంటాయి. అట్లాంటి ఇంటర్వ్యూ ఒకటి నేనే కల్పించి రాశాను. నిజమైన రైతుది తెచ్చి వీడియోలో పెడితే ఇక ఈ రివ్యూకు అర్థమే లేదు. దాన్ని ఇచ్చి, పేర్లు, నంబర్లు తీసేసి అర పేజీలో చెప్పమన్నాను. పేర్లన్నీ తీసేసింది, శభాష్. తెలుగు కూడా పర్వాలేదు, కాస్త పాఠ్యపుస్తకం వాసన వస్తుంది, అంతే. కానీ ఒక్కచోట కొంప ముంచింది. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇస్తుంది, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుంది అని రాశాను. 2025 సీజన్లో తోతాపురి లెక్క అదే కదా, మొత్తం 12. మోడల్ ఆ 4ను 8లోంచే తీసేసి, రైతు చేతికి నాలుగే వస్తుందని రాసింది! థీసిస్‌లో ఇది ఇట్లాగే పోతే వైవాలో ఎక్స్‌టర్నల్ ఊరుకుంటాడా? డేటా బయటికి పోకపోవడం వేరు, జవాబు సరిగ్గా ఉండటం వేరు. నోటీసులో పెద్దక్షరాల్లో ఉండేది మొదటిదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇదే టూల్‌లో ఇంకో అకౌంట్ చేశాను, స్టూడెంట్ పేరుతో. రాత్రి పన్నెండింటికి ఆ పిల్ల టైప్ చేసింది అనుకోండి: ‘మా గైడ్ సార్ ఆరు నెలలుగా చాప్టర్ చూడట్లేదు, సంతకం పెట్టట్లేదు, ఎవరికి చెప్పాలి?’ ఇప్పుడు అడ్మిన్‌గా లాగిన్ అవుతున్నాను. యూజర్ల లిస్టు. ఆ అమ్మాయి పేరు. చాట్లు. నొక్కాను. మొత్తం కనబడుతోంది చూడండి, అక్షరం పొల్లు పోకుండా. నేనేమీ హ్యాక్ చేయలేదు. సెట్టింగ్ మార్చకపోతే ఓపెన్ వెబ్‌యూఐ ఇట్లాగే వస్తుంది. కావాలంటే ఆపేయొచ్చు, కానీ ఆపాల్సింది అడ్మిన్. ఆ అడ్మిన్ ఎవరు? కంప్యూటర్ సెంటర్ సార్. ఆయన టీ తాగేది ఎవరితో? గైడ్ సార్‌తో.

అమెరికా కంపెనీకి తిరుపతి గైడ్ ఎవరో పట్టదు. డిపార్ట్‌మెంటుకు పడుతుంది. అందుకే క్యాంపస్ టూల్ రైతు డేటాకు మంచిది, మీ సొంత గోడుకు కాదు. ‘పూర్తిగా సురక్షితం’ అనే ఒక్క మాటలో ఈ సంగతి కనబడదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

తెలుగు వాళ్లకు ఇంకో చిన్న ముల్లు ఉంది. ఈ టూల్స్‌లో ఖర్చు టోకెన్ల లెక్కన, అంటే మోడల్ మన రాతను విడగొట్టే చిన్న చిన్న ముక్కల లెక్కన, పడుతుంది. 2024లో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లే చూపించారు, ఒకే తెలుగు నమూనాకు పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్త దాంట్లో 45. బాగా తగ్గింది, నిజమే. అయినా ఇంగ్లిష్ కంటే తెలుగుకు ఎక్కువే పడుతుంది. రోజుకు ఇంత అని కోటా పెట్టారంటే, తెలుగు ఎంఏ వాళ్లది బీటెక్ వాళ్లకంటే ముందు అయిపోతుంది.

మరి యూనివర్సిటీలు ఇలాంటిది కొనాలా? బీటెక్ అసైన్‌మెంట్లకైతే అక్కర్లేదు. 2025లో గూగుల్ మన స్టూడెంట్లకు జెమినై ఉండే ఏఐ ప్రో ప్లాన్ ఏడాది ఉచితం అంది, ఓపెన్‌ఏఐ కూడా నవంబరు నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఫ్రీగా ఇచ్చింది. అట్లాంటివి చేతిలో ఉన్నవాళ్లు క్యాంపస్ లాగిన్ ఎందుకు కొడతారు? కాకపోతే చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌కు పోయి ట్రైనింగ్ స్విచ్ ఆపేయండి, అది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. పేషెంట్ల రికార్డులు, పల్లెల సర్వేలు, పేపర్ దిద్దే సార్ల మార్కుల షీట్లు, వీటికి మాత్రం సొంత సర్వర్ కావాల్సిందే. లైబ్రరీలో ఒక మంచి మెషీన్ పెట్టినా ముందు గడుస్తుంది. పెద్ద కాంట్రాక్టు తొందర లేదు.

మీ కాలేజీలో ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఐటీ వాళ్లకు ఈరోజే ఒక మెయిల్ పెట్టండి. చాట్లు ఎన్ని రోజులు ఉంచుతారు? ఎవరెవరు తెరిచి చూడగలరు? జవాబు రాతలో వస్తే నాకు పంపండి, వచ్చే వీడియోలో స్క్రీన్ మీద పెడతాను. మీ పేరు తీసేసే పెడతాను లెండి.