భీమిలి బీచ్ రోడ్డు రివ్యూ: పోయేటప్పుడు కొండ, వచ్చేటప్పుడు సముద్రం

నమస్తే అండి. ఆ హోరు వినిపిస్తోందా? గాలి. మైకుకి జేబురుమాలు చుట్టాను, అయినా ఆగట్లేదు, కొంచెం సర్దుకోండి. ఇవాళ రివ్యూ ఫోనుదీ కాదు, బండిదీ కాదు. మన రోడ్డుది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా, సుమారు 30 కిలోమీటర్లు.

వైజాగ్‌లో పుట్టి పెరిగినోడివి, నీకు బీచ్ రోడ్డు రివ్యూ ఏంట్రా అంటారు. నిజమే, కానీ ఇన్నేళ్లూ మేం ఈ రోడ్డు మీద తిక్కతిక్కగా తిరిగాం. చుట్టాలొస్తే కారెక్కించడం, సముద్రం కనిపించిన చోటల్లా వాళ్లు ఆపమనడం, మనం డివైడర్ ఎక్కడ తెగుతుందా అని వెతుక్కోవడం, యూటర్న్ మధ్యలో ఉండగా వెనక బస్సోడి హారను. సాయంత్రానికి బండి నడిపినోడికి సముద్రం పేరెత్తితే చిరాకు.

ఈసారి మా బావమరిది ఒక మాటన్నాడు. "బావా, భీమిలి పోయేటప్పుడు సముద్రం కుడిపక్క ఉంటాది. వచ్చేటప్పుడు ఎడంపక్క. మనం నడిపేది ఎడంపక్క. మరి పోయేటప్పుడు సముద్రం కోసం ఆపడం దేనికి?" అంతే. కొండవైపువన్నీ పోయేటప్పుడు, ఒడ్డువైపువన్నీ వచ్చేటప్పుడు. రోజంతా ఒక్కసారి కూడా రోడ్డు దాటలేదు. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాం, ఎడమ కిటికీ ఆవిడదే.

టిఫిన్ చేసి బయల్దేరాం. కైలాసగిరి ఎక్కలేదు, దానికి వేరే సాయంత్రం కావాలి. నేరుగా తొట్లకొండ. కారు పైదాకా వెళ్తుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇదే పెద్ద సౌకర్యం. వర్షపు నీళ్లు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి, పేరు వాటి నుంచే వచ్చింది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం ఇది. 1976లో నేవీ వాళ్లు సర్వే చేస్తుంటే బయటపడింది, తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. స్తూపం దగ్గర నిలబడి కిందికి చూస్తే ఆ నాణేలు ఎటు నుంచి వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేదు, ఎదురుగా సముద్రమే. నీడ మాత్రం తక్కువ. గొడుగు తెచ్చుకోండి, నేను తేలేదు, వీడియోలో నా మొహం చూస్తే తెలుస్తుంది.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. ఇక్కడ చాలామంది చేసే పని: రోడ్డు పక్కన బండి ఆపి, మొదటి గుట్ట ముందు నాలుగు సెల్ఫీలు, "ఓహో, ఎర్రమట్టే కదా", మళ్లీ బండెక్కేస్తారు. అది దిబ్బలు చూడటం కాదండి. లోపలికి, వర్షపు నీళ్లు కోసిన వాగుల్లోకి దిగాలి. ఇదిగో చూడండి, రెండు పక్కలా నా ఎత్తుకి రెండింతలు గోడలు. పైన జీడిమామిడి చెట్టు సగం వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి, దాని కింద మట్టి ఎప్పుడో కొట్టుకుపోయింది. గోడ మీద గోరుతో గీస్తున్నాను... రాలుతోంది చూశారా? రాగిపిండిలా. గట్టిగా కనిపిస్తుంది గానీ ఇదంతా ఇసుకే. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలిన ఇసుకని గాలి ఎత్తి ఇక్కడ పోసింది, అందులోని ఇనుము తుప్పుపట్టి ఈ రంగొచ్చింది. వేల ఏళ్ల పని. దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి, అంతే. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. నేను గీసినట్టు మీరు గీయకండి, నేనూ ఒక్కసారే గీశాను, అమ్మ తిట్టింది. గోడల మీద గుండె బొమ్మలు చెక్కి పేర్లు రాసినవాళ్లని ఏం తిట్టాలో ఆవిడకే తెలియలేదు. తెల్లబట్టలు వేసుకోవద్దు. మా బావమరిది సాక్సులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

భీమిలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి స్థిరపడ్డారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. బొర్రా గుహల దగ్గర చూస్తామే గోస్తనీ నది, అది సముద్రంలో కలిసేది ఇక్కడే. నాకు మాత్రం ఈ ఊరంటే ఒడ్డున ఆరబోసిన నెత్తళ్లు. వాటిని దగ్గర్నుంచి షూట్ చేస్తుంటే ఒకావిడ అడ్డంగా వచ్చి నిలబడింది: "ఏటి బాబూ, పొటోలేనా, కొనేదేటన్నా ఉందా నేదా?" సిగ్గేసి అరకిలో కొన్నాను. ఆ ఎండుచేపల వాసన కారులో ఇంటిదాకా వచ్చింది, నాకేం బాధ లేదు.

బాధల్లా మధ్యాహ్నం భోజనమే. దారిలో సముద్రం కనపడేలా బల్లలేసిన ఒక హోటల్, పేరు చెప్పను. తాజా వంజరం ఫ్రై అన్నారు. పైన మసాలా వేడిగా ఉంది, లోపల ముక్క చల్లగా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసి నూనెలో ముంచి తెచ్చారన్నమాట. సముద్రానికి వంద అడుగుల దూరంలో!

తిరుగు ప్రయాణం హాయి. మంగమారిపేట దగ్గర సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది, ఆటు వేళ అయితే బాగా కనిపిస్తుంది. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, బట్టలు మార్చుకునే గదులున్నాయి, పిల్లలుంటే ఇక్కడే ఆగండి. కానీ మోకాలి లోతు దాటొద్దు, మన ఒడ్డున అల వెనక్కి లాగేటప్పుడు కాళ్ల కింద ఇసుక ఒక్కసారిగా జారిపోతుంది. తెన్నేటి పార్కు, 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కున్నది ఇక్కడే. అప్పుడు ఊరంతా తిరణాలే.

చివర్లో కురుసుర. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి, 91 మీటర్ల పొడవు. సోమవారం సెలవు, చూసుకుని రండి. లోపల ఒకదానిమీద ఒకటి వేలాడే పడకలు చూసి అమ్మ అడిగింది: "ఇందులో నెలల తరబడి ఉండేవారా? మరి బట్టలెక్కడ ఆరేసుకునేవారు?" గైడ్ నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. బయటికొచ్చి మురీ మిక్చర్ పొట్లాలు మూడు కొన్నాం. గోడ మీద కూర్చుని తినేశాం, అమ్మ ఇంకా ఆ బట్టల సంగతే ఆలోచిస్తోంది.