నారా రివ్యూ: ఈ ఊళ్లో రాత్రి ఉండాలా, వద్దా?

నమస్కారం. ముందుగా చెప్పాల్సిన మాట ముందే చెప్పేస్తాను. ఈ వీడియోలో కనిపించే గదికి నేను డబ్బు కట్టలేదు. జపాన్‌లోని నారాలో రెండు రాత్రుల బస ఒక ప్రయాణ సంస్థ ఉచితంగా ఇచ్చింది. విమానం, రైలు, తిండి, అమ్మ ఖర్చులు అన్నీ నావే. గది చూపించమన్నారు, చూపిస్తాను. ఊరి గురించి ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

క్యోటో నుంచి రైల్లో ముప్పావు గంట, ఎక్కడ దిగాలి, టికెట్టు ఎంత, ఇవన్నీ మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసి ఉంటారు. నేను తేల్చుకోవడానికి వెళ్లింది ఒక్క విషయమే. నారాలో రాత్రి ఉండాలా, లేక అందరిలా పొద్దున వెళ్లి సాయంత్రానికి క్యోటో తిరిగి వచ్చేస్తే సరిపోతుందా?

ఇది నాకెందుకింత పట్టింపు అంటే, కొన్నేళ్ల కిందట నేనూ అలాగే వెళ్లాను. క్యోటోలో బస్సు ఎక్కించారు, నారాలో దించారు, రెండున్నర గంటలు ఇచ్చారు. జెండా పట్టుకున్న గైడు వెనక పరుగు. జింకతో ఒక ఫోటో, బుద్ధుడితో ఒక ఫోటో, మళ్లీ బస్సు. నారాకు సగం పూట చాలు అని అప్పటి వీడియోలో చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాన్ని నమ్మి సగం పూటతో సరిపెట్టుకున్నవాళ్లు నన్ను క్షమించాలి.

సరే, ముందు జింకలు. వాటి విషయంలో నాకు కోపం ఉంది, జింకల మీద కాదు.

నారా పార్కులో 1,300కు పైగా జింకలు ఉన్నాయి. ఇవి ఎవరూ పెంచుకునేవి కావు, అడవి జింకలే. కసుగ దేవాలయంలో కొలువైన దేవుడు తెల్ల జింక నెక్కి ఈ కొండకు వచ్చాడని ఇక్కడివాళ్ల నమ్మకం. అందుకే తరతరాలుగా వీటిని దైవదూతల్లా చూసుకున్నారు. 200 యెన్లు ఇస్తే పల్చటి బిళ్లల కట్ట ఒకటి ఇస్తారు, సెంబే అంటారు. గోధుమపిండి, తవుడు, అంతే. మన ఇళ్లలో గేదెలకు కుడితిలో కలిపే తవుడే. చక్కెర ఉండదు. కట్టకు చుట్టిన కాగితం కూడా జింక తిన్నా హాని లేనిది. అంత శ్రద్ధగా చేస్తారు.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. ఒకాయన బిళ్ల చూపించాడు. జింక తల వంచింది. చెయ్యి పైకెత్తాడు. జింక మళ్లీ వంచింది. ఫోనులో వీడియో బాగా రాలేదని మళ్లీ వంచమన్నాడు. తొమ్మిది సార్లు, నేను లెక్కపెట్టాను. పదోసారి అది ఆయన చొక్కా అంచు పట్టి లాగింది. అప్పుడు ఆయన కేకలు వేశాడు, జింకలు దుష్టమైనవని. అది తల వంచడం నమస్కారం కాదండీ, పెట్టమని అడగడం. ఆకలిగా ఉన్నదాన్ని తొమ్మిదిసార్లు అడిగించుకుని చెయ్యి వెనక్కి లాక్కుంటే ఊరుకుంటుందా?

కరుస్తాయి, తంతాయి, పొడుస్తాయి, పడేస్తాయి అని బొమ్మలతో సహా పార్కు నిండా బోర్డులు పెట్టారు. మగ జింకలకు శరదృతువులో చిరాకు ఎక్కువ, మేం వెళ్లిన నవంబరు సరిగ్గా ఆ కాలమే. ఇంకొక మాట. 2019లో ఇక్కడ చనిపోయిన జింకలను పరీక్షిస్తే ఒకదాని కడుపులో 4.3 కిలోల ప్లాస్టిక్ దొరికింది. జనం చేతిలోంచి జారిన తినుబండారాల సంచులు. కాబట్టి సంచి జేబులో ఉండాలి, బిళ్లలు చకచకా పెట్టెయ్యాలి, అయిపోగానే రెండు అరచేతులూ తెరిచి చూపించాలి. ఖాళీ అని తెలిస్తే అవే వెళ్లిపోతాయి. అమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆవుకు అరటిపండు పెట్టినట్టు ఒక్కొక్క బిళ్లా సగం చేసి, ఒకదాని తర్వాత ఒకదానికి నోటికి అందించింది. ఒక్కటీ ఆమె చీర ముట్టుకోలేదు.

ఇక తోదైజీ, పెద్ద బుద్ధుడు ఉన్న బౌద్ధాలయం. నందైమోన్ అనే పెద్ద ద్వారం దగ్గర 8 మీటర్లు దాటిన ఇద్దరు కాపలా దేవతలు ఉంటారు. 1203లో ఉన్‌కేయి, కైకేయి అనే శిల్పులు తమ బృందంతో 69 రోజుల్లో పూర్తి చేసిన కొయ్య విగ్రహాలు. బస్సు ప్రయాణంలో నేను వాటి కిందుగా పరుగెత్తాను, తల కూడా ఎత్తలేదు. ఈసారి అమ్మ ఆగిపోయింది. "జయవిజయులే కదా" అంది. పేర్లు వేరు, పని అదే.

లోపల సుమారు 15 మీటర్ల కంచు బుద్ధుడు. వైరోచన బుద్ధుడు. జపాన్‌లోనే కామకురా అనే ఊళ్లోని బుద్ధుడి వీడియో చేసినప్పుడు, ఆరుబయట ఆకాశం కింద కూర్చున్న ఆ విగ్రహమే నాకు ఇష్టమని చెప్పాను. అందం మాట అడిగితే ఇప్పటికీ అదే. కానీ ఇక్కడ కథ వేరు. 1180లో ఒకసారి, 1567లో ఒకసారి యుద్ధాల మంటల్లో ఈ మందిరం కాలిపోయింది. ఇప్పుడున్నది 1709లో పూర్తయింది, వెడల్పులో మొదటిదానికంటే మూడో వంతు తక్కువ. అదే ఇంత ఉంది! బుద్ధుడి తల కూడా తర్వాత పోతపోసిందే. కింద ఉన్న తామర రేకుల్లో కొన్ని మాత్రం ఎనిమిదో శతాబ్దపువి.

ఆ రేకుల దగ్గర నిలబడి అమ్మకు ఒక సంగతి చెప్పాను. 752లో ఈ విగ్రహానికి కళ్లు దిద్దింది మన దేశపు భిక్షువు. పేరు బోధిసేనుడు. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లి, అక్కడి నుంచి 736లో జపాన్ వచ్చాడు. ఆయన చేతిలోని కుంచెకు పొడవైన తాళ్లు కట్టి, కింద నిలబడ్డ వాళ్లంతా ఆ తాళ్లు పట్టుకున్నారు, కన్ను దిద్దిన పుణ్యం అందరికీ చెందాలని. ఆ కుంచె, నీలి పట్టు తాడు ఇక్కడి షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. అమ్మ ఏమీ మాట్లాడలేదు. విగ్రహం వెనక నుంచి చుట్టూ తిరిగే దారి ఉంది. మూడు ప్రదక్షిణలు చేసి వచ్చింది.

బయట గుమ్మం పక్కన ఎర్ర టోపీ, ఎర్ర వస్త్రంతో ఒక కొయ్య విగ్రహం కూర్చుని ఉంటుంది. బింజురు అంటారు. బుద్ధుడి శిష్యుడు పిండోల భరద్వాజుడే ఈయన. మనకు ఎక్కడ నొప్పో అక్కడ ఆయన్ను నిమిరి, తర్వాత మనల్ని నిమురుకోవాలి. అమ్మ ఆయన మోకాలు నిమిరింది, తన మోకాలు నిమురుకుంది. మళ్లీ ఆయన రెండో మోకాలు.

కసుగ దేవాలయంలో మూడు వేల దాకా దీపస్తంభాలు, వేలాడే దీపాలు ఉన్నాయి, వెళ్లండి. కోఫుకుజీ అనే బౌద్ధాలయపు అయిదంతస్తుల గోపురం మరమ్మతుల కోసం పూర్తిగా కప్పేశారు, దాని కోసం పరుగెత్తకండి. శాకాహారులు జాగ్రత్త, కూరగాయలు మాత్రమే అని ఇచ్చినదాంట్లోనూ చేప రసం ఉంటుంది, అడిగి తినండి. వేయించిన తేయాకు నీళ్లలో అన్నం ఉడికించి పొద్దున పెట్టే చాగాయు అనే జావ అమ్మకు బాగా నచ్చింది. పక్కన ఒక ఊరమిరపకాయ ఉంటే అంతకంటే ఏం కావాలి అంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నవంబరులో సాయంత్రం 5 గంటలకు బుద్ధుడి మందిరం మూస్తారు. అరగంటలో బస్సులన్నీ వెళ్లిపోతాయి. జనం నదిలా బయటికి పారుతుంటే మేం ఎదురు నడిచాం. బుద్ధుడి మందిరం వెనక నుంచి ఒక రాతి బాట పైకి పోతుంది. రెండు పక్కలా పాత మట్టిగోడలు. కొసన మెట్లు, పైన నిగత్సుదో అనే మందిరం. టికెట్టు లేదు, మూసే వేళ లేదు.

దాని వసారా పడమటి వైపు తెరుచుకుని ఉంటుంది. కింద బుద్ధుడి మందిరం పైకప్పు, దాని రెండు కొసల్లో బంగారు కొమ్ములు, అవతల ఊరు, ఊరి అవతల ఇకోమ కొండలు. సూర్యుడు ఆ కొండల వెనక్కి దిగాక పైకప్పు నల్లబడింది, కొమ్ములు మాత్రం కాసేపు వెలుగుతూనే ఉన్నాయి. వసారాలో వేలాడే లోహపు దీపాలు వెలిగించారు. నాతో పాటు పదిమంది ఉంటారేమో. ఈ వసారా మీదే ఏటా మార్చి 1 నుంచి 14 వరకు జరిగే క్రతువులో భిక్షువుల సహాయకులు పెద్ద కాగడాలతో పరుగెత్తుతారు. అది కూడా 752లోనే మొదలై ఒక్క ఏడాదీ ఆగలేదు. 1667లో ఆ క్రతువు జరుగుతుండగానే మందిరం కాలిపోయింది, రెండేళ్లలో మళ్లీ కట్టారు. చేతి కింద ఉన్న కొయ్య కడ్డీ నున్నగా, చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. క్యోటో మీద చేసిన మూడు వీడియోల్లోనూ ఇలాంటి ఒక్క గంట నాకు దొరకలేదు. అక్కడ ఎటు తిరిగినా ఎవరి భుజమో తగిలేది.

గది సంగతి, మాట ఇచ్చాను కాబట్టి. శుభ్రంగా ఉంది, స్నానాల తొట్టి పెద్దది, పాత ఇళ్ల వీధులకు దగ్గర. లోపం ఏమిటంటే నేల మీద పరుపు. పక్కన పట్టుకుని లేవడానికి ఏమీ లేదు. మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లతో వెళ్తే మంచం ఉన్న గది అడగండి. ఉచితంగా ఇచ్చారని ఈ మాట దాచలేను.

రెండో రాత్రి మళ్లీ కొండ ఎక్కాం, గుడి గంట వినడం కోసం. తోదైజీ పెద్ద గంట బరువు 26 టన్నుల పైనే. అదీ 752 నాటిదే. ప్రతి రాత్రి సరిగ్గా 8 గంటలకు మోగిస్తారు. దారి చీకటి, ఫోను దీపం పట్టుకుని నడిచాం. గడ్డిలో జింకలు కాళ్లు ముడుచుకుని పడుకున్నాయి. దూలం వెనక్కి లాగి వదిలారు. మొదటి దెబ్బకు చెవికంటే ముందు ఛాతీకి తెలిసింది. ఒక దెబ్బ మోత పూర్తిగా అణిగాకే ఇంకొకటి. అమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది. పద్దెనిమిది.

బస్సులో వచ్చినప్పుడు ఆ వేళకు నేను క్యోటోలో నూడుల్స్ తింటున్నాను. కనీసం ఒక రాత్రి ఉండండి, వీలైతే రెండు. గది ఎవరిదైనా సరే, రాత్రి 8 గంటలకు మీరు ఆ గంట దగ్గర ఉండండి.