సావాసగాడే తప్పు చేయబోతుంటే: శ్రోతల ఫోన్లు

వ్యాఖ్యాత: విజయనగరం నుంచి శ్రోతలకు నమస్కారం. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊరంతా జనం, చుట్టాలు, రాత్రి దాకా సందడి. మందు కూడా బాగానే పారుతుంది. అందుకే ఈ వారం మహిళల కేసులు చూసే న్యాయవాది గారిని పిలిచాం. మొదటి ఫోన్. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. మాది రాజాం కాడ. ఇక్కడ రూము తీసుకుని చదువుతున్నాను. పేరు సెప్పనండి.

వ్యాఖ్యాత: పర్వాలేదు బాబూ.

శ్రోత: సిరిమాను నాటికి మా బేచ్చోళ్లందరం ఓ రూముల కలుద్దామనుకున్నాం. మా క్లాసు ఆడపిల్లలు ఇద్దరొస్తారు. మా సావాసగాడొకడు, కూల్‌డ్రింకుల వోడ్కా కలిపేస్తే ఆ అమ్మాయికి తెలీదు, ఈసారి పనైపోద్ది అన్నాడండి. అందరూ నవ్వీసినారు. నాకైతే నిద్దర పట్టట్లేదు. నానేటి సెయ్యాలి?

న్యాయవాది: బాబూ, నువ్వు విన్నది సరదా మాట కాదు, నేరానికి వేసుకున్న పథకం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేరాల చట్టం భారతీయ న్యాయ సంహితలో అత్యాచారం గురించి 63వ సెక్షన్ ఉంది. మత్తులో ఉండి, తను దేనికి ఒప్పుకుంటోందో, దాని ఫలితం ఏమిటో తెలియని స్థితిలో ఆమె ‘సరే’ అన్నా అది సమ్మతి కాదు. నేరం చేసే ఉద్దేశంతో మత్తు ఇవ్వడం వేరే నేరం. 123వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా జైలు.

శ్రోత: మరి ఆడితో ఎలగ సెప్పాలండి? కొట్లాట అయిపోద్ది.

న్యాయవాది: తాగాక చెప్పకు, ఇవాళే చెప్పు. నలుగురిలో వద్దు, ఒక్కణ్నీ పక్కకి పిలువు. ‘నువ్వన్న మాట విన్నాను. ఆ రోజు నేనక్కడే ఉంటాను, అలాంటిది జరగనివ్వను’ అను. అక్కడే ఆగిపోవచ్చు, ఎవరూ పట్టించుకోరన్న ధీమాతోనే కదా ఈ కూతలు. తర్వాత ఆ అమ్మాయికీ, ఆమెతో వచ్చే అమ్మాయికీ ఉన్నదున్నట్టు చెప్పెయ్. వస్తారో రారో వాళ్లిష్టం, కానీ వాళ్లకు తెలియాలి.

శ్రోత: అయినా ఆ రోజు ఏదైనా మొదలెడితేనండి?

న్యాయవాది: మధ్యలో దూరిపో. ‘ఒరే, నా బండి తాళం కనపడట్లేదు, లేచి వెతుకు’ అను. ‘మీ ఇంటి నుంచి ఫోనమ్మా’ అంటూ ఆమెను బయటికి పిలువు. వాడు ‘నేను దింపేస్తాన్లే’ అన్నాడంటే ఒంటరిగా పంపకు, ఆమె స్నేహితురాలితో కలిసి మీరే దింపండి. గొడవకు దిగితే మరో ఇద్దరిని పిలువు, పోలీసుల కోసం 112కి ఫోన్ చెయ్. ఆ పిల్ల స్పృహ తప్పేలా ఉంటే పక్కకి ఒత్తిగిలేలా పడుకోబెట్టు, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. మజ్జిగ, నిమ్మరసం పోస్తే మత్తు దిగదు. లేపినా లేవకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా 108కి చెప్పు.

శ్రోత: ఆడు మరి నాతో మాటాడడండి.

న్యాయవాది: మాట్లాడకపోవచ్చు బాబూ. బాధగానే ఉంటుంది. అయినా ఆ పిల్ల బతుకు ముందు అదెంత?

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్, కాంప్లెక్స్ దగ్గర టీ కొట్టు నడిపే అమ్మ.

శ్రోత: అమ్మా, పండగప్పుడు తాగినోళ్లు బస్సు కోసం నిలబడ్డ ఆడగుంటల మీద పడతారు. పది మంది సూస్తారు గానీ ఒక్కడూ కదలడు.

న్యాయవాది: మీరు చూసింది నిజమమ్మా. 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు పరీక్షించారు. పక్క గదిలో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తే, తానొక్కడే విన్నాననుకున్న వాళ్లలో 85 శాతం మంది కదిలారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకుంటే 31 శాతమే. వాళ్లది చెడ్డ బుద్ధి కాదు, ఇంకెవరో చూసుకుంటారులే అనుకోవడం. కనుక ‘ఎవరైనా రండి’ అని అరవకండి. ‘ఓ నీలం చొక్కా బాబూ, నువ్విటు రా. కళ్లద్దాల అన్నా, నువ్వు 112కి ఫోన్ చెయ్’ అని వేలు చూపించి పిలవండి. ఆ పిల్లను ‘రామ్మా, టీ తాగు’ అని మీ బల్ల మీద కూర్చోబెట్టుకోండి. తాగినవాడితో వాదన అక్కర్లేదు.

శ్రోత: అది సెయ్యగల్నమ్మా.

వ్యాఖ్యాత: మరో ఫోన్, బొబ్బిలి నుంచి పెద్దాయన.

శ్రోత: ఆడపిల్ల తాగితే తప్పు దానిదే కాదేటమ్మా?

న్యాయవాది: కాదు బాబాయ్. తాగడం మీకు నచ్చకపోవచ్చు, దాంతో ఇంకొకడికి హక్కు పుట్టదు. ‘తాగి ఉన్నాను, తెలీలేదు’ అన్నా, తనంతట తాను తాగినవాడు శిక్ష తప్పించుకోలేడు. మీ మనవరాలు బయట స్పృహ తప్పి పడిపోతే చూసినవాళ్లు ఏం చేయాలనుకుంటారు?

శ్రోత: ...ఇంటికి తెచ్చి దింపాలమ్మా.

వ్యాఖ్యాత: జరగకూడనిది జరిగిపోతే మేడమ్?

న్యాయవాది: స్నానం చేయొద్దు, బట్టలు ఉతకొద్దు. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఆసుపత్రి ఉచితంగా వైద్యం చేసి తీరాలి. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, ‘మా పరిధి కాదు’ అనకూడదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి రాత్రైనా ఫోన్ చేయొచ్చు.

వ్యాఖ్యాత: రాజాం బాబు మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

శ్రోత: ఆ అమ్మాయి స్నేహితురాలికి ఇప్పుడే మెసేజ్ పెట్టీసానండి. ఆడికి రేపు పొద్దున్న సెప్తాను.